నాలుగు మేతలు, నాలుగు మాత్రలు

నేను రొయ్యల గుంటల నీళ్ళను పరీక్షించే ఒక చిన్న ప్రయోగశాలలో పనిచేస్తాను. సీసాలో వచ్చిన నీటిలో ఉప్పు ఎంత, క్షారం ఎంత, అమోనియా ఎంత అని తేల్చి చెప్పడం ఉద్యోగం. దానికి తోడు ఇంకొక పని, ఎవరూ అప్పగించకుండానే, నా మీద పడింది. రైతులు తెచ్చి చూపించే పొట్లాల మీదా డబ్బాల మీదా అచ్చయిన గొప్పలను అనుమానించడం. ఒకే ఖనిజ లవణం మూడు పేర్లతో, మూడు రంగుల సంచుల్లో మా బల్ల మీదికి వస్తుంది. ముందువైపు పెద్ద అక్షరాలను వదిలేసి వెనకవైపు చిన్న అక్షరాలు చదవడం అలా అలవాటైంది. ఈ అలవాటు వల్ల చుట్టాల్లో నాకు మంచి పేరేమీ రాలేదు. పేరంటంలో తాంబూలంతో పాటు ఇచ్చిన పసుపు ప్యాకెట్టును కూడా తిప్పి చదివే మనిషినని మా అక్క అందరికీ చెబుతుంది.

అక్కను ఇచ్చిన ఊరు జువ్వలదిన్నెకు దగ్గర. బావ వాళ్ళది వరి పండించిన కుటుంబం. ఇప్పుడు ఆ పొలంలో ఎక్కువ భాగం గుంటలే. మర్నాడు పెద్ద గుంటలో రొయ్యల పట్టుబడి ఉందనీ, ముందుగా ఒకసారి నీళ్ళు చూసి పొమ్మనీ బావ ఫోన్ చేస్తే, ఆ ఉదయం సీసాలు, నీటిలో ఆక్సిజన్ కొలిచే మీటరు వేసుకుని కారులో వెళ్ళాను. ఆయనకు జ్వరంగా ఉందని అక్క అంతకుముందే చెప్పింది. అందుకని ఇంట్లో మంచం మీద ఉంటాడనుకున్నాను.

ఇంట్లో లేడు. గుంట గట్టు మీది షెడ్డులో పెద్ద టబ్బు ముందు గొంతుక్కూర్చుని, మోచేతుల దాకా చేతులు ముంచి మేత కలుపుతున్నాడు.

"రా మే, నీళ్ళ డాక్టరమ్మా," అన్నాడు తల ఎత్తకుండానే. "సీసాలు తెచ్చినావా? నిన్నట్నించి నీళ్ళు ముదురు పచ్చ తిరిగినాయి."

"జ్వరమని చెప్పింది అక్క. లేచి వచ్చేసినావేంది బావా?"

"జ్వరమా? అది ఎప్పుడో పారిపోయింది. గుర్రం మాదిరి ఉండా. మీ అక్క మాట ఇని దుప్పటి కప్పుకుని పడుకుంటే, ఈ రొయ్యలు నా కోసం ఆగతాయా?"

మేత కలపడం ఒక పద్ధతి ప్రకారం జరిగే పని. టబ్బులో గుళికల మేత పోస్తారు. పెంకు గట్టిపడడానికని ఖనిజాల పొడి, పేగు బాగుండడానికని ఒక ద్రవం, రోగం రాకుండా అని ఇంకొక పొడి, ఇవన్నీ గుళికలకు అంటుకోవడానికి జిగురు వేసి కలిపి, కాసేపు నీడన ఆరబెట్టి గుంటలో చల్లుతారు. ఒక్కొక్క బాధకు ఒక్కొక్క పొట్లం. రోజుకు నాలుగు మేతలు. ఏ మేతా తప్పిపోకుండా బావ ఫోనులో అలారం పెట్టుకుంటాడు.

నేను సీసాలు కడుగుతుండగా ఆ అలారం మోగింది. బావ చేతులు కడుక్కుని, అలమారులో ఖనిజాల సంచుల పక్కన ఉన్న ప్లాస్టిక్ డబ్బా దించాడు. అందులోంచి నాలుగు షీట్లు తీశాడు. ఒక్కొక్క షీటు నుంచి ఒక్కొక్క మాత్ర అరచేతిలోకి నొక్కుకుని, నాలుగూ కలిపి నోట్లో వేసుకుని, సీసా ఎత్తి నీళ్ళు తాగాడు. నేను నోరు తెరిచేలోపే అయిపోయింది.

"ఏంది బావా అన్ని మాత్రలు?"

"అన్ని ఏంది, నాలుగే గదా. జ్వరానికి ఒకటి, ఒళ్ళునొప్పులకి ఒకటి, మోకాలికి ఒకటి, జలుబుకి ఒకటి."

"జ్వరం పారిపోయిందన్నావు గదా?"

"ఇవి ఏసుకోబట్టే గదా పారిపోయింది."

"రోజుకి ఎన్నిసార్లు?"

"మేతకొకసారి," అని నవ్వాడు. "అలారం మోగితే రొయ్యలకి అది, నాకు ఇది. ఎవురి మేత వాళ్ళది."

ఆయన చేసింది నిర్లక్ష్యం కాదు. అంత క్రమంగా మందులు వేసుకునే రోగిని నేను చూడలేదు. గుంటకు ఏ పద్ధతి పనికొస్తుందని సంవత్సరాలుగా నమ్మాడో, అదే పద్ధతిని ఒంటికి వర్తింపజేశాడు. బాధ వేరైతే మందు వేరు, మందు వేరైతే కలిపినా ఫరవాలేదు. ఆ తర్కంలో నాకు ఒక్కటే అనుమానం వచ్చింది. మందులు నిజంగా వేరువేరేనా?

డబ్బా తీసుకుని షెడ్డు బయట వెలుతురులోకి వచ్చాను. జ్వరం మాత్ర షీటు మీద పారాసిటమాల్ అని స్పష్టంగా ఉంది. ఒళ్ళునొప్పుల మాత్ర ముందువైపు ఒక కంపెనీ పేరు పెద్దగా ఉంది. వెనకవైపు ఎసిక్లోఫెనాక్, దాని పక్కన పారాసిటమాల్. మోకాలి మాత్ర షీటును కత్తెరతో ముక్కలుగా కోశారు. పేరు సగమే మిగిలింది. డబ్బా అడుగున దొరికిన ఖాళీ ముక్కను పక్కన పెట్టి చూస్తే అతికింది: ఐబుప్రొఫెన్, మళ్ళీ పారాసిటమాల్. నాలుగోది తిప్పాను. జలుబు మాత్రలో ముక్కు కారకుండా చేసే మందులు రెండు ఉన్నాయి. వాటికంటే ముందు వరసలో అదే పేరు.

నాలుగు మాత్రల్లోని పారాసిటమాల్ మిల్లీగ్రాములు కలిపి నాలుగు మేతలతో హెచ్చవేశాను. రోజుకు ఏడు గ్రాములు దాటింది. తప్పు చేశానేమోనని మళ్ళీ వేశాను. మామూలుగా ఒక లెక్క రెండుసార్లు చేసేది సరిగా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి. ఆ రోజు మాత్రం అది తప్పని తేలాలని కోరుకుంటూ చేశాను. తేలలేదు.

నేను వైద్యురాలిని కాదు. అందుచేత నాకు ఏది తెలుసు, ఏది తెలియదు అన్నది అక్కడే నిలబడి విడదీసుకోవడానికి ప్రయత్నించాను. ఆరోగ్యంగా ఉన్న పెద్దమనిషికి, అన్ని మందుల్లోంచి వచ్చేది కలుపుకుని, రోజుకు నాలుగు గ్రాములు మించకూడదని తెలుసు. బక్కగా ఉన్నవారికి, జ్వరంతో తిండి మానేసినవారికి, తాగే అలవాటున్నవారికి వైద్యులు అంతకంటే తగ్గిస్తారని తెలుసు. బావ బక్క మనిషి. జ్వరంలో గంజి తప్ప ఏమీ తినలేదు. సాయంత్రం గట్టు మీద ఒక క్వార్టరు తాగడం ఆయనకు మేత చల్లినంత మామూలు. మిగతా రెండు, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఒకే జాతి నొప్పి మందులని కూడా తెలుసు. అవి రెండూ కలిస్తే ఉపశమనం రెట్టింపు కాదు. కడుపులో పుండు పడి రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఆయన వేసుకునే బీపీ మాత్ర ఆ ముప్పును ఇంకా పెంచవచ్చు. పైగా వచ్చిన జ్వరం ఏదో ఎవరూ పరీక్ష చేయలేదు. అది డెంగీ అయి ఉంటే ఆ రెండు మందులూ దగ్గరికే రాకూడదు.

తెలియనిది ఒకటే, ఆయన కాలేయం ఇప్పుడు ఎలా ఉందన్నది. అది బయటి నుంచి చూసి చెప్పగలిగేది కాదు. అన్నింటికంటే నన్ను భయపెట్టింది ఆయన మొదట అన్న మాట, గుర్రం మాదిరి ఉన్నానని. పారాసిటమాల్ ఎక్కువైన మనిషి మొదట్లో బాగానే ఉంటాడు. నడుస్తాడు, పని చేస్తాడు, నవ్వుతాడు. కళ్ళు పసుపెక్కేసరికి లోపల జరగాల్సింది చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

"పొద్దున ఏం తిన్నావు బావా?" అని అడిగాను, గొంతు మామూలుగా ఉంచుకుని.

"ఏం తినలా. నోరు చప్పంగా ఉండాది. ఇడ్లీ చూస్తేనే కడుపులో తిప్పింది." కుడివైపు పక్కటెముకల కింద చెయ్యి వేసుకుని నొక్కుకున్నాడు. "బస్తా ఎత్తినా గదా, ఈడ పట్టేసింది."

కాలేయం ఉండేది అక్కడే. నీళ్ళ సీసాలు గట్టు మీదే వదిలేశాను.

అక్క మజ్జిగ చెంబుతో వచ్చింది. నేను చెప్పింది సగం విని, "అంతేనా!" అంది. "వేడి చేసింటది. మజ్జిగ తాగితే చల్లబడిపోద్ది. కడుపు నిండా తిని ఏసుకుంటే ఏ మాత్రా ఏం చెయ్యదు."

"తిని వేసుకుంటే నొప్పి మాత్రలు కడుపును మండించడం కొంత తగ్గుతుందేమోనక్కా. కాలేయానికి ఆ రక్షణ లేదు."

"నువ్వు ప్రతిదానికీ ఒకటి చెబుతావు. షాపాయన ఇయ్యకూడని మందు ఇస్తాడా?"

మందుల షాపుకు అక్క ఫోనులోనే మాట్లాడాను. ఆయన ఏమీ దాచలేదు. "అన్నీ మంచి కంపెనీలే అక్కా. కానీ నాలుగూ ఒకేసారి నేనియ్యలా. జ్వరం మాత్ర అన్న తీసకపోయినాడు. ఒళ్ళునొప్పులకని మీ అక్క వచ్చింది. జలుబు మాత్ర ఎవురో పనోళ్ళు అడిగినారు. మోకాలిది నా కాడిది కాదు, ఆడెక్కడో కావలి టౌనులో కొన్నింటారు. నాలుగూ ఒక మనిషేనా మింగతా ఉండేది?" అని చివర్లో ఆయనే గొంతు తగ్గించి అడిగాడు.

నాలుగు మాత్రలూ ఒకచోట చేరింది ఆ డబ్బాలోనే. ఆ డబ్బాను చదివినవారు లేరు.

నెల్లూరులో అత్యవసర విభాగం ఉన్న ఒక ఆసుపత్రికి ఫోన్ చేశాను. డ్యూటీలో ఉన్న డాక్టరు వరసగా ప్రశ్నలు వేసింది. ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు, ఎప్పటి నుంచి, బరువెంత, తాగుతాడా, వాంతులున్నాయా, మలం నల్లగా పోతున్నదా.

ఆఖరి ప్రశ్న బావకు చేరవేశాను.

"ఆ సంగతులు మరదలితో చెప్పేవా మే?" అని ఆయన టబ్బు వైపు తిరిగిపోయాడు.

"నాతో చెప్పు అయితే," అంది అక్క. "పెండ్లాంతో చెప్పచ్చు గదా."

"నల్లంగా లేదు, ఎర్రంగా లేదు. చాలా? మైకులో చెప్పమంటావా ఇంక?"

డాక్టరు నవ్వలేదు. "ఈ క్షణం నుంచి ఆయనకు ఏ మాత్రా వేయకండి. షీట్లన్నీ, ఖాళీవి కూడా, తీసుకురండి. పసుపు కనిపించేదాకా ఆగకండి. బాగున్నాడని ఆగకండి," అంది. విరుగుడు మందు తమ దగ్గర ఉందని నేను అడగకముందే చెప్పింది. ఆమె గొంతులో తొందర లేదు, మాటల్లో ఉంది. అంతవరకు నా భయం అతిశయోక్తి కావచ్చునన్న ఒక ఆశ నాకు మిగిలి ఉండేది. అది పోయింది.

బావ కదలలేదు.

"రేపు పట్టుబడి మే. తెల్లారేసరికి వలలోళ్ళు వస్తారు. లారీ వస్తాది. మధ్యాన్నానికి అయిపోద్ది. సాయంత్రం నువ్వు ఏ ఆసుపత్రికంటే ఆ ఆసుపత్రికి."

"సాయంత్రానికి ఆలస్యం అవుద్ది బావా."

"దేనికి ఆలస్యం? నేను పడిపోయినానా? మూలగతా ఉండానా? ఎవురైనా జ్వరమొస్తే రమ్మంటారు, నువ్వు జ్వరం తగ్గితే రమ్మంటా ఉండావు." పనివాళ్ళు వినేలా గొంతు పెంచాడు. "సీసాలో నీళ్ళు చూసేదానివి, మనిషి కడుపులో కూడా చూసేస్తా ఉండావే!"

అక్క నా ముఖం చూస్తోంది. నేను ఏ పుస్తకంలో ఏముందో చెప్పినా ఆయన వినడని తెలుసు. ఆయన నమ్మే సాక్ష్యం ఏదని ఆలోచించాను.

"పడమటి గుంట గుర్తుందా బావా? పోయినేడు. మధ్యాన్నం చూసి నీళ్ళు బో బాగుండాయి అన్నావు. రొయ్యలు మేత కరకరా తిన్నాయి. తెల్లారి ఏమైంది?"

ఆ గుంటలో రాత్రికి రాత్రి నీటిలోని ఆక్సిజన్ పడిపోయి, రొయ్యలన్నీ గట్టు పొడవునా తెల్లగా తేలాయి. మధ్యాహ్నం పచ్చగా కళకళలాడే నీరే తెల్లవారుజామున ప్రాణం తీస్తుందని ఆ తీరంలో గుంటలున్న ప్రతివారికీ తెలుసు.

"మీటరు పెట్టి ఉంటే తెలిసుండేది అని ఆ రోజు నువ్వే అన్నావు. కంటితో చూసి నమ్మకూడదని అన్నావు. నేను నీకు జబ్బుందని చెప్పడంలా. ఉందో లేదో నాకు తెలీదు, నీకూ తెలీదు. మీటరు పెట్టి చూద్దామంటా ఉండా, అంతే."

ఆయన నీటిలో గాలి చిలికే ఏరేటర్ల వైపు ఒకసారి చూశాడు. తర్వాత ఆయన లేచి కాళ్ళు కడుక్కున్నాడు. "రక్తం తీసి చూస్తారు, అంతే గదా. కాగితం చూసుకుని వచ్చేస్తా," అన్నాడు. తమ్ముడికి ఫోన్ చేసి పట్టుబడి అప్పగిస్తూ, ఏ ఏరేటరు ఎప్పుడు ఆపాలో, లారీవాడితో ఎలా మాట్లాడాలో చెప్పడం కారెక్కేదాకా ఆగలేదు.

అక్క కూడా మాతో వచ్చింది. హైవే ఎక్కేవరకు ఆయన నన్ను ఆటపట్టిస్తూనే ఉన్నాడు. "ఆడ ఏం లేదని చెప్పినాక నీ మొహం చూడాల మే." నేనూ అదే కోరుకున్నాను. ఆ తర్వాత మాటలు తగ్గాయి. టోల్‌గేటు దాటాక కారు ఆపమన్నాడు. దిగి, రోడ్డు పక్కన ముళ్ళకంప దగ్గర వంగి వాంతి చేసుకున్నాడు. రక్తం ఉందేమోనని నేను వెళ్ళి చూశాను. లేదు. అక్క ఆయన నోరు కడిగి, కొంగుతో తుడిచి, నా వైపు తిరిగి ఏమీ అడగలేదు. అంతవరకు నాతో వాదించిన అక్క ఒక్కసారిగా వాదన మానేయడం నాకు మరింత భయం కలిగించింది. ఇద్దరిలో ఒకరైనా నమ్మకుండా ఉంటే బాగుండుననిపించింది.

ఆసుపత్రిలో షీట్లన్నీ బల్ల మీద పరిచాను. ఫోనులో మాట్లాడిన డాక్టరే ఉంది, నాకంటే చిన్నది. రక్తం తీయించింది. కాలేయానికి, మూత్రపిండాలకు, రక్తం గడ్డకట్టే సమయానికి, డెంగీకి విడివిడిగా పరీక్షలు రాసింది. ఒక్కసారే ఎక్కువ మింగినవారి విషయంలో రక్తంలో మందు ఎంత ఉందో చూసి నిర్ణయించడానికి ఒక పట్టిక ఉంటుందనీ, ఇలా కొన్ని రోజుల పాటు కొంచెం కొంచెంగా ఎక్కువైనవారికి అది పనికిరాదనీ చెప్పింది. అందువల్ల ఫలితాల కోసం ఆగకుండానే విరుగుడు మొదలుపెట్టింది.

నర్సు ఆ మందు సీసాకు సూది గుచ్చగానే కుళ్ళిన గుడ్డు వాసన సన్నగా వచ్చింది. అందులో గంధకం ఉంటుందని నాకు తెలుసు. ఆ వాసన మందు స్వభావమేననీ తెలుసు. అయినా గుంటే గుర్తొచ్చింది. గుంట అడుగున మురుగు పేరుకుని, రొయ్యలు చావబోయే ముందు వచ్చేది సరిగ్గా అదే వాసన. బావ కూడా ముక్కు ఎగబీల్చి, నా కళ్ళలోకి చూశాడు.

"ఇవన్నీ చెడ్డ మందులా అమ్మా?" అని అక్క డాక్టరును అడిగింది.

"ఒక్కటీ చెడ్డది కాదమ్మా. జ్వరానికీ నొప్పికీ మొదట మేము రాసేదీ పారాసిటమాలే. అవసరమైతే దానితో పాటు వేరే జాతి నొప్పి మందు ఒకటి కలిపి ఇస్తాం కూడా. ఒకే మందును నాలుగు పేర్లతో ఇవ్వం. ఒకే జాతి మందులు రెండు ఇవ్వం. జలుబు మాత్రలో కూడా ఇది ఉంటుందని చాలామందికి తెలియదు."

"అయితే ఒళ్ళునొప్పులకని నేను తెచ్చింది..." అని అక్క ఆగిపోయింది. డాక్టరు ఆమె భుజం మీద చెయ్యి వేసి, "మీరు తెచ్చిన దాంట్లో తప్పు లేదు. ఇంట్లో అప్పటికే ఏమున్నాయో ఎవరూ అడగలేదు," అంది.

మొదటి కాగితం వచ్చింది. కాలేయపు ఎంజైములు ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఉన్నాయి. రక్తం గడ్డకట్టే సమయం కొంచెం పెరిగింది. డెంగీ లేదు. మూత్రపిండాలు నిలబడ్డాయి. నా లెక్క తప్పు కాలేదు. ఒక అంచనా సరైనదని తేలితే కలిగే చిన్న తృప్తి నాకు వృత్తిలో పరిచయమే. ఆ రోజు దాని జాడ కూడా లేదు.

రెండో పరీక్షలో ఎంజైములు ఇంకా పెరిగాయి.

"మందు ఎక్కతా ఉంటే పెరగడమేంది మే?" అని అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ముందే దెబ్బతిన్న కణాలు ఇప్పుడు బయటపడతా ఉండాయంట అక్కా. పెరిగి తగ్గుద్దంట." డాక్టరు చెప్పిందే చెప్పాను. అది నిజమే. పూర్తి నిజం కాదు. పెరిగి తగ్గనివారూ ఉంటారు. అటువంటి వారికి కాలేయం మార్చడం తప్ప దారి ఉండదు. దానికి చెన్నై పోవాలి. ఆ మాట డాక్టరు నాకు వరండాలో విడిగా చెప్పింది.

బావ ఇప్పుడు హాస్యమాడడం లేదు. పట్టుబడి అయిందనీ, సరుకు బాగా వచ్చిందనీ తమ్ముడు ఫోన్ చేస్తే, "ఊఁ" అన్నాడు. రొయ్యల సైజెంత అని అడగలేదు. గుంటలు వేసినప్పటి నుంచి ఆయన ఆ ప్రశ్న అడగకుండా ఫోన్ పెట్టేయడం నేనెరగను. కాసేపటికి, "మే," అని పిలిచాడు. "నేను పోతానా?"

ఎవరు ఏం చెప్పినా ఆధారం ఏమిటని అడగడం నా స్వభావం. అటువంటి మనిషిని ఆయన సూటిగా అడిగాడు, బహుశా అందుకే నన్ను అడిగాడు. "తెలీదు బావా," అన్నాను. "మందు సమయానికి పడిందని డాక్టరమ్మ అంటా ఉంది. రక్తం గడ్డకట్టే పరీక్ష చూస్తే తెలుస్తాది." ఆయన తల ఊపి కళ్ళు మూసుకున్నాడు. అబద్ధం చెప్పి ఉండవలసిందేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

తర్వాతి పరీక్షలో ఎంజైములు తగ్గాయి. నర్సు ఆ మాట చెప్పగానే అక్క దేవుళ్ళందరికీ దణ్ణాలు పెట్టింది. "తగ్గినాయంట గదా! మంచిదే గదా మే?"

ఆ సరికి నేను చదవగలిగినంత చదివాను. ఎంజైములు తగ్గడానికి రెండు కారణాలుంటాయి. కాలేయం కోలుకుంటూ ఉండవచ్చు. లేదా ఎంజైములను బయటికి వదలడానికి అందులో ఇక కణాలే మిగిలి ఉండకపోవచ్చు. కాగితం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలను తయారుచేసేది కాలేయమే కనుక, ఏది ఏదో చెప్పేది రక్తం గడ్డకట్టే సమయం ఒక్కటే, దాని ఫలితం ఇంకా రాలేదు. ఒక్క పరీక్షను చూసి నీళ్ళు బాగున్నాయని నేను ఏ రైతుకూ ఏనాడూ చెప్పలేదు. అక్క కళ్ళు నా మీదే ఉన్నాయి. నిన్నటి నుంచి ఆమె ఏమీ తినలేదు.

"మంచిదే అక్కా," అన్నాను.

ఆ మాట అన్నాక ఆ గదిలో ఉండలేకపోయాను. వరండాలో, ప్రయోగశాల కిటికీ ఎదురుగా నిలబడ్డాను. గాజు వెనక తెల్లకోటు వేసుకున్న మనిషి గొట్టాలను యంత్రంలో అమరుస్తున్నాడు. నేను రోజూ చేసే పనే. ఆయన తొందరపడకపోవడం సరైనదేనని నాకు తెలుసు. తొందరపడమని అరవాలనిపించింది. నా ఫలితాల కోసం గట్టు మీద నిలబడే రైతులు నన్ను ఎలా చూస్తారో, నేను అలాగే ఆయన చేతులను చూస్తున్నాను.

లోపల నుంచి బావ గొంతు వినిపించింది. "ఆకలేస్తా ఉండాది మే. ఏందన్నా పెట్టు." అక్క ఏడుస్తూ నవ్వుతూ ఏదో అంటోంది. నేను వెనక్కి తిరగలేదు. బాగున్నానని ఆయన అంతకుముందు కూడా చెప్పాడు.

కిటికీ తెరుచుకుని కాగితం బయటికి వచ్చింది. ముందు పేరు చూశాను, వయసు చూశాను, రక్తం తీసిన సమయం చూశాను. అవన్నీ ఆయనవే. అప్పుడు అంకె చూశాను. గడ్డకట్టే సమయం నిన్నటికంటే తగ్గి, ఉండాల్సిన చోటికి దగ్గరగా వచ్చింది. డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళి, "ఇది ఆయన నమూనాయేనా, ఇంకొకసారి చేయిస్తారా?" అని అడిగాను. ఆమె విసుక్కోలేదు. "రేపు ఎలాగూ చేస్తాం. కానీ ఇది కోలుకోవడమే. తేరుకుంటున్నాడు," అంది. మర్నాడు చేసిన పరీక్ష కూడా ఆమె మాటనే బలపరిచింది.

ఆ మర్నాటి సాయంత్రం ఆయన ఇడ్లీ ముక్క తిని దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. ఒకటి రెండుసార్లు సెలైను ఉన్న చేతిని కదిపి చూసుకున్నాడు.

"ఏమైంది?" అంది అక్క.

"ఏం లేదు. సూది గుచ్చిన కాడ నొస్తా ఉండాది."

నొప్పి అన్న మాట విని ముగ్గురమూ ఉలిక్కిపడ్డాం. అక్క చెయ్యి అలవాటు కొద్దీ మాత్రలుంచుకునే తన సంచి వైపు పోయి, మధ్యలోనే ఆగింది. బావ ఆ చేతిని చూశాడు. చిన్న నొప్పే, ఓర్చుకోదగిందే. దానికి ఏం వేయాలో, అసలు ఏమైనా వేయవచ్చో మాలో ఎవరికీ తెలియదు. డాక్టరును అడిగి వస్తానని నేను లేచాను. నేను తలుపు దాటేసరికి అక్క ఆ సూది తగలకుండా ఆయన వేళ్ళను తన రెండు చేతుల్లోకి తీసుకుని ఊదుతోంది, పిల్లలకు ఊదినట్టు. ఆయన వద్దనలేదు.